కోసిన చేతికి పేరుందా?



హాస్టల్లో ఉన్నన్నాళ్లూ మనం తిన్న గోధుమరవ్వ ఉప్మాకు లెక్క లేదు. అయినా గోధుమ చేనును కళ్లారా చూసినవాళ్లు మనలో ఎందరుంటారు? సత్తెనపల్లి చుట్టుపక్కల మనకు తెలిసినవి పత్తి, మిరప, సాగర్ కాలువ నీళ్లందిన చోట వరి. కోత అంటే మనకు గుర్తొచ్చేది అమ్మ తెల్లవారకముందే సద్ది కట్టుకుని, తలగుడ్డ తీసుకుని ఆటో ఎక్కడం. చేను మాత్రం ఎప్పుడూ చదునుగానే ఉంటుంది. కనుచూపు మేర నల్లరేగడి. కొండ వాలు మీద కూడా పంట పండిస్తారనీ, దాన్ని కొడవలితో కోసి నెత్తిన మోసి దించుతారనీ పుస్తకంలో చదవడమే గాని మేము చూసి ఎరగం.

ఆ అవకాశం పీజీలో వచ్చింది. మన హాస్టల్లో ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పెట్టుకున్న ముగ్గురం విశాఖపట్నంలో పీజీ చదువుతున్నాం. 2024 నవంబరులో ఫీల్డ్ వర్క్ కోసం మమ్మల్ని పాడేరు వైపు పంపారు. 2022 ఏప్రిల్ 4న మన సత్తెనపల్లి పల్నాడు జిల్లాలోకి వెళ్లిన రోజునే పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమయింది. చోడవరం దాటాక బస్సు ఘాట్ రోడ్డు ఎక్కింది. మలుపు మలుపుకీ చలి పెరిగింది. బస్సు దిగాక ఒక జీపు, జీపు దిగాక రెండు గంటల నడక. ఆ గూడెంలో పది రోజులున్నాం.

మేము వెళ్లేసరికి సామ కోత అయిపోవస్తోంది, చోడి కోత మొదలవుతోంది. మన వైపు రాగులంటాం, వాళ్లు చోళ్లంటారు. లోయలో వరి మళ్లు ఉన్నాయి. ఇళ్ల దగ్గర కాస్త పల్లంగా ఉన్న చోట నాగలితో దున్నుతారు. కాఫీ, మిరియాలు నీడ ఉన్న చోట వేస్తారు. ఇక పైకి పోయే కొద్దీ నాగలి నిలవదు, ఎద్దు నిలవదు. అక్కడ గునపంతోనూ పారతోనూ నేల కదిలించి సామ, చోడి, కంది కలిపి వేస్తారు. వాన వస్తే మట్టి కిందికి కొట్టుకుపోకుండా వాలుకు అడ్డంగా రాళ్లు పేర్చి కట్టలు కట్టారు. కిందనుంచి చూస్తే అక్కడ మనిషి నిలబడగలడా అనిపిస్తుంది. ఆ వాలు మీద ఆడవాళ్లు పొద్దంతా వంగి కోస్తారు.

మేమూ కొడవళ్లు పట్టుకున్నాం. పంట పనులు మనకు కొత్త కాదు కదా అన్న ధైర్యం. కానీ కొండ మీద కోతకు వేరే లెక్కలున్నాయి. కింది నుంచి పైకి కోసుకుంటూ పోవాలి. ముఖం కొండ వైపు ఉంటే నేల దగ్గరవుతుంది, నడుం తక్కువ వంచితే చాలు. పాదం నిటారుగా వేయకూడదు, వాలుకు అడ్డంగా వేయాలి. మన చేలల్లో లాగా కోసిన పనను వెనక్కి పడేస్తే అది దొర్లుకుంటూ కింది చేలోకి పోతుంది. కోసింది కోసినట్టు కట్టగట్టి రాయికో మొద్దుకో ఆనించాలి. సామ బాగా పండిందంటే ముట్టుకుంటే రాలిపోతుంది. అందుకని మంచు తడి ఆరకముందే దాన్ని కోసేస్తారు. చోడి కంకులన్నీ ఒక్కసారే పండవు. పండిన కంకులు ముందు కోసి, మిగతావాటికి కొన్నాళ్లాగి మళ్లీ వస్తారు. ఈ మాట విన్నప్పుడు మాకు మన మిరప చేలు గుర్తొచ్చాయి. మిరపా అంతే కదా. పండింది పండినట్టు కోసుకుంటూ అదే చేలోకి మూడుసార్లో నాలుగుసార్లో పోవాలి.

కోతకు కూలీలంటూ వేరే ఎవరూ రాలేదు. ఈ రోజు ఒక ఇంటి చేను, రేపు ఇంకో ఇంటి చేను. మన పెద్దవాళ్లు బదుళ్లు అనే మాట వాడేవారే, ఆ పద్ధతి. మధ్యాహ్నం చేను గలవాళ్లు అందరికీ అంబలి పోశారు. ఆనపకాయ బుర్రల్లో నీళ్లు తెచ్చుకున్నారు. సాయంత్రం కట్టలను మగవాళ్లు కావిళ్ల మీద, ఆడవాళ్లు నెత్తి మీద కిందికి దించారు. ఖాళీ చేతులతో దిగడానికే మా మోకాళ్లు వణికాయి. ఇంటి దగ్గర కళ్లంలో కంకులు ఆరబెట్టి, కర్రలతో కొట్టి, గాలి వీచే వేళ చూసి తూర్పారబట్టారు. చోళ్లు బాగా ఎండబెట్టి దాచుకుంటే ఏళ్ల తరబడి పురుగు పట్టవని ఒక పెద్దాయన చెప్పాడు. వాళ్లకు కొత్తల పండుగలుంటాయి. కొత్త పంటను దేవతకు పెట్టాకే నోట్లో పెట్టుకుంటారు. మేమున్నప్పుడు ఒక ఇంట్లో మాకూ కొత్త సామ అన్నం పెట్టారు.

తిరిగి వచ్చాక లైబ్రరీలో కూర్చుని, ప్రపంచంలో ఇంకెక్కడ కొండ వాలు మీద కోతలున్నాయో వెతికాం. ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్ కొండల్లో మెట్లు మెట్లుగా చెక్కిన చేలల్లో గోధుమను నేటికీ కొడవలితోనే కోస్తారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో పలూస్ అనే ప్రాంతముంది. అలలు లేచినట్టుండే గుట్టలు, వాటి నిండా గోధుమ. ట్రాక్టర్లు రాకముందు అక్కడ ఒక్కో కోత యంత్రానికి 30కి పైగా గుర్రాలనూ కంచరగాడిదలనూ కట్టి లాగించేవారట. వాలు మీద యంత్రం ఒక పక్కకు ఒరిగితే గింజలన్నీ జల్లెడలో ఆ పక్కకే చేరి పొట్టుతో పాటు బయటికి పోతాయి. అందుకని చక్రాలు వాలుకు తగ్గట్టు వంగినా నూర్చే పెట్టె మాత్రం సమంగా నిలిచే యంత్రాలు తయారుచేసుకున్నారు. అక్కడి రైతుకు యంత్రముంది. పాడేరు కొండ మీద యంత్రం లేదు. మరి నేల ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు మాకు లైబ్రరీలో కాదు, ఆ గూడెంలోనే దొరికింది.

మేము బయల్దేరే ముందు రోజు రాత్రి ఒక ముసలమ్మ మా దగ్గరికి వచ్చింది. ఆమె చేలోనే మేము రెండు రోజులు కోసింది. ఒక ప్లాస్టిక్ కవరు, అందులో మడత పెట్టిన కాగితం.

"సదువుకున్నోళ్లు గదా బాబూ, ఇందులో ఏటి రాసుందో ఓపాలి సదివి సెప్పండి" అంది.

అది అటవీ హక్కుల పట్టా. సెల్‌ఫోన్ లైటు వేసి చదివాం. విస్తీర్ణం 1 ఎకరం 60 సెంట్లు. సరిహద్దులు: ఉత్తరాన గెడ్డ, దక్షిణాన రాతి గుట్ట. హక్కుదారుల పేర్ల దగ్గర ఆమె భర్త పేరుంది, దాని పక్కనే ఆమె పేరుంది. భర్త పోయి నాలుగేళ్లయిందట. తన పేరు వచ్చిన చోట మమ్మల్ని ఆపి, "మళ్లీ సదువు" అంది. మళ్లీ చదివాం. ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాం. ఆ అక్షరాల మీద తన వేలు పెట్టి కాసేపు అట్లాగే ఉంది. కోతకోతకూ చర్మం గట్టిపడిన వేలు అది.

తర్వాత మామూలుగా, వరసలు అడిగినట్టుగా అడిగింది. "మీ అమ్మల పేరున ఎంత బూముంది బాబూ?"

మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మా ముగ్గురి అమ్మలూ మిరప కోతలకు పోయేవాళ్లే. ఒకరికీ సెంటు భూమి లేదు. లేదని చెప్పాం. ఆమె నమ్మలేదు. "మరి సేనులు కోత్తారన్నారు?" అంది. కోసే చేను తమది కాదని చెబితే, పట్నం మాటేదో విన్నట్టు తలూపి ఊరుకుంది.

మిత్రులారా, ఆ కాగితం ఊరికే రాలేదు. ఆ కొండల్లో పోడు కొట్టుకుని బతికిన జనాన్ని 1882 నాటి మద్రాసు అటవీ చట్టం సొంత నేల మీదే దొంగల్ని చేసింది. ఆ కడుపుమంటే 1922లో అల్లూరి సీతారామరాజు వెనక నిలబడింది. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి జరిగింది. మన పల్నాడుదీ అదే కథ. అడవిలో పశువులు మేపుకుంటే పుల్లరి కట్టమన్నందుకు ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతును అదే 1922లో ఫిబ్రవరి నెలలో మించాలపాడులో కాల్చి చంపారు. ఆరు నెలల తేడాతో రెండు చోట్లా అడవి మీద హక్కు కోసమే తిరుగుబాటు. హనుమంతు గురించి మనం పాఠంలో చదువుకున్నాం గాని, ఆ కొండకీ మన నేలకీ ఇంత దగ్గర చుట్టరికముందని మాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది.

ఆ తర్వాత 1970లో వచ్చిన 1/70 నిబంధన షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డం నిలిచింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు దానికి మరింత బలమిచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగు చేసుకుంటున్న గిరిజన కుటుంబానికి, నిజంగా సాగులో ఉన్న మేరకు, 4 హెక్టార్లు మించకుండా హక్కు ఇవ్వాలని ఈ చట్టం చెబుతుంది. దరఖాస్తు ముందుగా గ్రామసభకే ఇవ్వాలి. కాగితాలు లేనివాళ్లకు ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసుకున్నా అది సాక్ష్యమే. ఆ భూమి పిల్లలకు సంక్రమిస్తుంది గాని అమ్మడానికి వీల్లేదు. అన్నిటికన్నా మాకు నచ్చిన సంగతి ఒకటుంది. పెళ్లయినవాళ్లయితే పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ముసలమ్మ పేరు ఆ కాగితంలో ఉండడం ఎవరి దయా కాదు, చట్టంలో రాసిన మాట.

కొండ మీద అంతా బాగుందని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ గూడేనికి రోడ్డు లేదు. జబ్బు చేస్తే డోలీ కట్టి మోసుకుపోవాలి. సాగు చేసేది ఎక్కువైతే పట్టాలో ఎక్కింది తక్కువని చాలామంది చెప్పారు. ఎకరంన్నర కొండ నేల మీద ఏడాదంతా గడవదు. కుర్రవాళ్లు కూలి పనులకు దూరం పోతున్నారు. అయినా ఒక్క తేడా మా మనసులో ఉండిపోయింది. ఆమె కోసిన గింజ ముందు ఆమె ఇంటికి వెళుతుంది. ఆ గింజ పండిన నేల కాగితంలో ఆమె పేరుంది.

సంక్రాంతికి సత్తెనపల్లి వచ్చాం. 2025 జనవరి. మిరప కోతలు మొదలయ్యాయి. ప్రకాశం, కర్నూలు వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలుగా దిగి చేల గట్ల మీద గుడారాలు వేసుకున్నాయి. ఊళ్లో వాళ్లం మేస్త్రీ ఆటో ఎక్కాం. మేమూ నాలుగు రోజులు అమ్మలతో కోతకు పోయాం. నేల చదునే గాని మిరప చేలో నడుం ఎత్తే వీలు లేదు. తొడిమ విరక్కుండా కాయను పట్టి తెంపాలి. సాయంత్రానికి వేళ్లు నిప్పుల్లో పెట్టినట్టుంటాయి. కొబ్బరినూనె రాసుకున్నా రాత్రి నిద్ర పట్టదు. చంటిబిడ్డ ఉన్న తల్లి ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా బిడ్డను తాకడానికి భయపడుతుంది. కోసిన కాయ కల్లంలో ఆరుతుంది, తాలు వేరవుతుంది, టిక్కీల్లోకి ఎక్కి గుంటూరు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో పోతుంది. అక్కడ దాని పేరు తేజ, సన్నం, 334. ఎక్కడ పండిందో, ఏ రకమో అన్నీ రాస్తారు. కోసిన మనిషి పేరు ఎక్కడా ఉండదు.

కోసిన మనిషికే కాదు, పండించిన మనిషికీ చాలాసార్లు పేరుండదు. మేము కోసిన చేను ఒక కౌలు రైతుది. 2021-22లో నల్ల తామర పురుగు పడి ఆయన చేను మొత్తం పోయింది. ఆ అప్పు తీరకముందే 2025లో ధర పడింది. 2023లో క్వింటాల్ 20 వేలు దాటి పలికిన కాయకు, 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద ప్రకటించిన ధర 11,781 రూపాయలు. కౌలు మాత్రం తగ్గదు. 2019లో తెచ్చిన సాగుదారుల హక్కుల చట్టంలో కౌలు పత్రం గడువు 11 నెలలు, దానికి భూయజమాని సంతకం కావాలి. ఆయన రెండేళ్లు తిరిగినా యజమాని సంతకం పెట్టలేదట. కొండ మీద ఊరి పెద్దల మాట సాక్ష్యమైంది. ఇక్కడ ఆయన ఆ చేను దున్నుతున్నాడని ఊరంతటికీ తెలుసు. అయినా ఆ తెలిసిన మాటకు విలువ లేదు.

ఈ సంగతంతా హాస్టల్ పత్రికలో ఎందుకు రాస్తున్నామా అని మీకనిపించవచ్చు. కారణముంది. మిరప కోతలు జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. పదో తరగతి పరీక్షలు మార్చిలో వస్తాయి. ఇంట్లో ఇంకో రెండు చేతులుంటే ఇంకొన్ని కిలోలు కోయవచ్చన్న రోజుల్లోనే మనం పరీక్ష రాయాలి. మా ఈడువాళ్లలో ఆ రెండు నెలలు బడి మాని మళ్లీ బడి ముఖం చూడనివాళ్లు ఎందరో ఉన్నారు. మేము ఆగకుండా చదవగలిగామంటే, ఆ నెలల్లో మూడు పూటలా తిండి పెట్టి, తలుపు మూసి, లైటు వేసి, అంబేద్కర్ గారి ఫోటో కింద చదువుకోమని కూర్చోబెట్టిన ఈ హాస్టలే కారణం. పప్పు నీళ్లగా ఉందని మనం ఎన్నిసార్లు అలిగామో వార్డెన్ గారికి తెలుసు. ఆ నీళ్ల పప్పు వెనక మన అమ్మల కోత ఉంది. మన రెండు చేతులు చేలో లేని లోటును ఆమె తన రెండు చేతులతోనే పూడ్చింది.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. చదువుతో ఏం చేయాలని అడిగితే ఉద్యోగమనే చెబుతాం. గ్రూప్స్ రాస్తున్నాం, డీఎస్సీ రాస్తాం, మీరూ రాయండి. కానీ ఆ రాత్రి ముసలమ్మ అడిగింది ఉద్యోగం కాదు. కాగితం చదివి పెట్టమంది. ఆ పనికి పీజీ కూడా అక్కర్లేదు, తొమ్మిదో తరగతి కుర్రవాడు చేయగలడు. కాబట్టి తమ్ముళ్లూ, మీరు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు చేయవలసినవి మూడు చెబుతాం.

ఒకటి, ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్న కాగితాలన్నీ బయటికి తీసి అమ్మానాన్నలకు చదివి వినిపించండి. డి.కె.టి. పట్టా ఉందా, ఇంటి స్థలం పట్టా ఉందా, అప్పు కాగితం ఉందా? ఏది ఎవరి పేరున ఉందో, ఎంత రాసి ఉందో మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండు, మీ నాన్న కౌలుకు చేస్తుంటే సర్వే నంబరు, విస్తీర్ణం, ఏ ఏడాది నుంచి చేస్తున్నారో తేదీలతో రాసి పెట్టండి. సంతకం ఎప్పుడో ఒకప్పుడు అడగవలసి వస్తుంది, అప్పటికి మన దగ్గర రాత ఉండాలి. మూడు, అమ్మ ఏ రోజు ఎవరి చేలో ఎన్ని కిలోలు కోసిందో, చేతికి ఎంత వచ్చిందో ఒక పుస్తకంలో వేయండి. మేము ఆ జనవరిలో మొదలుపెట్టాం. వారం తిరక్కముందే మేస్త్రీ లెక్కకూ మా లెక్కకూ తేడా వచ్చింది. పుస్తకం తీసి చూపిస్తే ఆయన మాట్లాడకుండా తేడా ఇచ్చేశాడు. మర్నాటి నుంచి ఆ ముఠాలో ఉన్న ఆడవాళ్లంతా, "అబ్బాయా, నా పేరు కూడా ఎక్కించు" అంటూ వచ్చారు.

పదిహేడు మంది పేర్లు ఎక్కించాం. మేము విశాఖపట్నం తిరిగి వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని మన హాస్టల్లోనే తొమ్మిదో తరగతి చదివే ఒక తమ్ముడికి అప్పగించాం. వాళ్లమ్మ కూడా ఆ ముఠాలోనే ఉంది. ఆదివారం ఆదివారం ఇంటికి వెళ్లి లెక్క వేస్తున్నాడు. రాత గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది.